చిక్కబడే దాకా

పాలు ఇంకా కదలడం లేదు. ఆవిడ గరిటె తిప్పుతూనే ఉంది, గిన్నె అడుగును గీరుకుంటూ, అంచుల్లోకి పోయి మళ్లీ మధ్యకు వస్తూ, ఆపకుండా, ఎందుకంటే ఆపితే అడుగంటుతుంది, అడుగంటిందంటే ఆ మాడు వాసన ఎంత చాక్లెట్ పోసినా పోదు, పోదని తెలిసీ మొన్నెప్పుడో ఒకసారి ఆపింది, వీధిలోంచి ఎవరో పిలిచినట్టయి. ఎవరూ పిలవలేదు. ఇవాళ ఎవరు పిలిచినా తిరిగి చూడకూడదు. గోడ గడియారం మూడూ పది చూపిస్తోంది, అది రెండు నిమిషాలు ముందుంటుంది, అంటే మూడూ ఎనిమిది. వ్యాను నాలుగింటికి వస్తుంది. పక్క గదిలో కోడలు అట్టపెట్టెలకు టేపు వేస్తోంది. బర్రుమని చీరుకుంటూ వచ్చి టక్కున తెగుతుంది ఆ చప్పుడు, తెగిన ప్రతిసారీ ఒక పెట్టె మూసుకుందన్నమాట, పొద్దున్నుంచి లెక్కపెడుతూనే ఉంది, పద్నాలుగు దాకా గుర్తుంది, తరవాత పాలు పొయ్యి మీద పెట్టే హడావిడిలో లెక్క తప్పింది. పద్నాలుగు పెట్టెలా. ఈ రెండు గదుల ఇంట్లో అన్ని వస్తువులు తన కంట పడకుండా ఎక్కడ దాక్కున్నాయి. పన్నెండేళ్ల కిందట ఈ గుమ్మంలోకి కోడలు వచ్చినప్పుడు చేతిలో ఒక సూట్‌కేసు, చంకలో కుండీతో సహా ఒక మొక్క, అంతే. మొక్క చచ్చిపోయింది. సూట్‌కేసు మంచం కింద ఉండేది, ఇవాళ చూస్తే లేదు, అది కూడా ఏదో పెట్టెలోకి పోయుంటుంది, పెట్టెలో పెట్టె.

కారం వేశానా లేదా అని ఇంతలో అనుమానం. పంచదార వేసింది, కోకో వేసింది, కార్న్‌ఫ్లోర్ వేసింది, ఉప్పు చిటికెడు వేసింది, దాల్చినచెక్క పొడి సంగతి ముక్కే చెబుతోంది, జాజికాయ కోరుతుంటే వేలు కూడా కోరుకుపోయింది, ఇదిగో ఎర్రటి గీత. ఎండుమిరప కారం మాత్రం, సీసా మూత తీసినట్టు గుర్తుంది, వేసినట్టు గుర్తు లేదు. ఈమధ్య అన్నీ ఇంతే, సగం పనే గుర్తుంటోంది. గరిటె చివర అంటుకున్నదాన్ని నాలుక మీద రాసుకుంది. తీపి వచ్చింది, వెనకాలే చేదు వచ్చింది, ఏమీ లేదే అనుకునేలోపు గొంతు లోపల సన్నగా మంట లేచింది. వేసింది. ఈ చాక్లెట్ పై అనే వంటకం పద్ధతే అంత, మంట ఆలస్యంగా వస్తుంది, అప్పటికి మనం మింగేసి ఇంకో చెంచా తీసుకుంటూ ఉంటాం. కొడుకు అలాగే అనేవాడు, ఇది మనిషిని నమ్మించి కాలుస్తుందమ్మా అని. వాడికి పన్నెండేళ్లప్పుడు అన్నాడు ఆ మాట, పన్నెండేళ్ల వాడికి నమ్మించి కాల్చేవాళ్ల గురించి ఏం తెలుసని, అయినా అన్నాడు.

ఈ వంట అచ్చయిన కాగితం ఇప్పటికీ అక్కడే ఉంది, పప్పుల డబ్బాల కింద అరలో. ముప్ఫై రెండేళ్లు పుస్తకాలు కుట్టే షాపులో పనిచేసింది ఆవిడ. ప్రెస్సు నుంచి పెద్ద పెద్ద కాగితాలు వచ్చేవి, ఒక్కో కాగితానికి పదహారు పేజీలు, దాన్ని ఫారం అనేవాళ్లు, మడిచి, మడిచి, మళ్లీ మడిచి, చెక్కతో గట్టిగా ఒత్తి పక్కన పేర్చాలి. ఆడవాళ్లు పదిమంది బల్లకు అటూ ఇటూ కూర్చునేవాళ్లు, ఒక్కొక్కరికి ఒక్కో ఫారం, పొద్దుట్నుంచి సాయంత్రం దాకా అదే పదహారు పేజీలు వెయ్యి సార్లు. బడికి పోని మనిషి చదువు నేర్చుకుంది అక్కడే. మొదట అక్షరాల ఆకారాలు, తరవాత మాటలు, తరవాత ఒకరోజు ఉన్నట్టుండి వాక్యం మొత్తం అర్థమైపోయి, చేతులు ఆగిపోయి, సూపర్‌వైజరు చేత చీవాట్లు. నేర్చుకుంది సరే, ఎప్పుడూ ఆ పదహారు పేజీలే. తొంభై ఆరో పేజీలో ఒక అమ్మాయి రైలు ప్లాట్‌ఫారం మీద నిలబడి చెయ్యి ఊపుతూ ఉండేది, తొంభై ఏడో పేజీ ఎదురు బల్ల మీద ఇంకో ఆమె ముందు ఉండేది, ఆమెకు చదవడం రాదు. ఆ అమ్మాయి ఎవరికి చెయ్యి ఊపిందో, వాళ్లు తిరిగొచ్చారో లేదో, కుట్టు అయిపోయి అట్ట వేసి పుస్తకం కట్టలుగా పోయే లోపల తెలుసుకునే వీలుండేది కాదు. ఇలాంటివి ఎన్ని వందలు. తలుపు దగ్గర నిలబడ్డవాళ్లు, మెట్లు దిగుతున్నవాళ్లు, ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నవాళ్లు. వాళ్లందరూ ఇంకా అలాగే నిలబడి ఉన్నారు ఆవిడ తలలో, ఒక కాలు గుమ్మం అవతల పెట్టి.

చాక్లెట్ పై ఉన్నది నూట పన్నెండో పేజీలో. వంటల పుస్తకం ఫారం, సిరా అలుక్కుపోయి పనికిరాదని పక్కన పడేస్తే, అరల్లో పరుచుకోవడానికి ఇంటికి తెచ్చుకుంది. డబ్బాలు సర్దుతుంటే కొడుకు పైకి చదివాడు, పచ్చసొనలు మూడు, కోకో అరకప్పు, కారం చిటికెడు, చాక్లెట్‌లో కారమా అమ్మా, చేద్దాం చేద్దాం అని రెండు రోజులు ప్రాణం తీశాడు. చివరి లైను ఇలా ఉంది: ఈ మిశ్రమాన్ని బిస్కెట్ పెంకులో పోసిన వెంటనే. అంతే. పేజీ అయిపోయింది. ఆ తరవాతిది ఇంకో ఫారంలో. పోసిన వెంటనే ఏం చెయ్యాలి. తల్లీకొడుకులు చాలాసేపు ఆలోచించారు. వాడు తేల్చేశాడు, వెంటనే తినెయ్యాలనే ఉంటుంది, ఇంకేముంటుంది అని. తినేశారు, వేడివేడిగా, జారిపోతుంటే చెంచాలతో పట్టుకుని, నాలుకలు కాల్చుకుని. పదిహేనేళ్లు అలాగే తిన్నారు. పండగొచ్చినా పాసైనా అదే, ఇది ఇంతే కాబోలు, జారేదే దీని అందం కాబోలు అనుకుంటూ.

గరిటె కొంచెం బరువెక్కింది. ఎక్కిందా, చెయ్యి నొప్పా. మంట తగ్గించింది, మళ్లీ తగ్గించకూడదేమో అని పెంచింది. టేపు చప్పుడు ఆగింది. ఆగిందంటే పెట్టెలు అయిపోయాయా, వస్తోందా ఇటు. చెవి అటు పెట్టింది. ఏదో పెట్టె నేల మీద ఈడుస్తున్న చప్పుడు, మళ్లీ టేపు. రక్తపరీక్షల ల్యాబులో పని కోడలిది, ప్రతి సీసాకూ పేరు, తేదీ, టైము అంటించే మనిషి, పెట్టెల మీద కూడా అలాగే రాసి ఉంటుంది, బట్టలు, చలివి, పిల్లవి, రెండులో ఒకటి. పెళ్లయి వచ్చిన మొదటి నెలలో ఈ చాక్లెట్ పై పెడితే చెంచా పైకెత్తి, కారిపోతున్నదాన్ని చూసి, మొగుణ్ణి చూసి, అత్తగారిని చూసి, ఇది ఇంకా అవలేదండీ అంది. ఇరవై నాలుగేళ్ల పిల్ల. ఆవిడకు కోపం వచ్చింది. పదిహేనేళ్లుగా చేస్తున్నాం, అవలేదని నువ్వు చెప్పాలా. మర్నాడు ఆ పిల్లే మళ్లీ చేయించి, ఫ్రిజ్‌లో పెట్టించి, ఎవర్నీ తలుపు తీయనివ్వకుండా కాపలా కాసి, సాయంత్రం కత్తితో కోసి పళ్లెంలో నిలబెట్టింది ముక్కని. నిలబడింది. కొడుకు దాని చుట్టూ తిరిగి చూశాడు, ఏదో లిఫ్టు బాగుచేసినప్పుడు చూసినట్టు, లిఫ్టు మెకానిక్కు కదా, నిలబడే వస్తువంటే వాడికి గౌరవం. ఆ రాత్రే అర మీది కాగితంలో, వెంటనే అన్న మాట కింద, కోడలు పెన్సిలుతో పూర్తి చేసింది. ఫ్రిజ్‌లో. నాలుగు గంటలు. ముట్టుకోకూడదు.

నాలుగు గంటలు. ఇప్పుడు మూడూ పద్దెనిమిది, అంటే పదహారు. ఆ లెక్క పొద్దున్నుంచీ తన వెనకే తిరుగుతోంది, తను చూడకుండా ఉంటే అది కూడా తనని చూడదన్నట్టు తప్పించుకుంటూ వచ్చింది. పొద్దున ఎనిమిదింటికి మొదలుపెట్టి ఉండొచ్చు. అందరికీ చెప్పింది కూడా, ఇవాళ మీకు చాక్లెట్ పై చేసి పంపిస్తానని. ఎనిమిదింటికి కోకో లేదని తేలింది. కోకో వచ్చాక క్రీము చాలదనిపించింది, దగ్గర కొట్లో ఉన్నా దూరపు కొట్టుకు వెళ్లింది, అక్కడ తాజాగా ఉంటుందని. వచ్చాక కాస్త నడుం వాల్చింది. పన్నెండున్నరకు లేచి మళ్లీ బజారుకెళ్లింది, ఎందుకో ఇప్పుడు గుర్తు రావడం లేదు, ఏమీ కొనలేదు, వీధి చివర మందుల షాపు ముందు నిలబడి లోపల వాళ్లని చూసి వచ్చింది. రెండున్నరకు బిస్కెట్లు పొడి కొట్టి, కరిగిన వెన్నతో పళ్లెంలో పెంకులా ఒత్తింది. ఇదంతా కావాలని చేసిందా. ఏమో. చేతులు చేశాయి. చేతులకు ముప్ఫై రెండేళ్ల అలవాటు, తలతో పని లేకుండా మడత పెట్టుకుంటూ పోతాయి.

పచ్చసొనలు. ఇదే ప్రాణసంకటమైన చోటు. వేడి పాలు గుడ్డులో ఒక్కసారిగా పోస్తే గుడ్డు విరిగి ముక్కలు ముక్కలవుతుంది. ఒక చెంచాడు పొయ్యాలి, కలపాలి, ఇంకో చెంచాడు. దానికి వేడి అలవాటు చెయ్యాలి అత్తయ్యా, అది తెలుసుకోకుండానే వేడెక్కిపోవాలి అనేది కోడలు. ఎడం చేత్తో గరిటె, కుడి చేత్తో చిన్న చెంచా, మధ్యలో గిన్నె జారకుండా పొట్టతో ఆన్చుకుని, పోస్తోంది ఆవిడ, ఒకటి, రెండు, ఆగు. తననీ అలాగే అలవాటు చేసింది కోడలు. ఇప్పుడు తెలుస్తోంది. ముందు పిల్లకి బోర్డు కనబడడం లేదట అత్తయ్యా, కళ్లజోడు వెయ్యాలట. ఒక చెంచాడు. తరవాత ఆ కళ్లజోళ్ల షాపాయన మంచివాడు అత్తయ్యా, ఫ్రేము విరిగితే ఊరికే మార్చాడు. ఇంకో చెంచాడు. తరవాత ఆయనే ఒక ఆదివారం, పిల్ల ఎర్ర ఫ్రేము పట్టుకుని గుమ్మంలో, ఇటువైపు వచ్చాను అండీ అంటూ, టీ తాగి, కప్పు తనే కడిగి పెట్టి వెళ్లాడు. కప్పు కడిగినవాణ్ణి ఏమనగలదు మనిషి. పోనీ ఏదైనా వంక దొరుకుతుందేమోనని మూడు ఆదివారాలు చూసింది, రాత్రిళ్లు కారు నడపడానికి కళ్లు సరిగా ఆనవని ఆయనే చెప్పాడు, కళ్లజోళ్ల షాపువాడికి కళ్లు ఆనకపోవడమేమిటి అని నవ్వుకుంది, దాన్నీ వంక అనలేకపోయింది. రెండు నెలల కిందట కోడలు కూర్చోబెట్టి ఆయన్ని చేసుకుంటానని చెప్పే వేళకు తను పూర్తిగా వేడెక్కి ఉంది, విరగలేదు.

"మీకు కోపమొస్తే కోప్పడండి అత్తయ్యా."

"కోపమెందుకు. ముప్ఫై ఆరేళ్లు నీకు. నాలుగేళ్లయింది వాడు పోయి."

"ఆయన కొత్త షాపు మూడు గంటల దూరం. మీరూ రండి. నేను మాటవరసకి అనడం లేదు."

"నా ఇల్లు నాకుందిగా."

అంతే అన్నది. ఉండమనలేదు. వెళ్లమనీ అనలేదు. రిజిస్ట్రారు ఆఫీసులో సంతకం పెట్టమంటే సాక్షిగా పెట్టింది, తన పేరు తను రాసుకోగలనని ఆ గుమాస్తాకి తెలియాలన్నట్టు నెమ్మదిగా, ఒక్కో అక్షరం.

గుడ్డు కలిసింది. మొత్తం మళ్లీ గిన్నెలోకి వంచేసింది, ఇక అసలు ఆపకూడదు. వెనక అడుగుల చప్పుడు. కోడలు కాదు, పిచ్చుక. మనవరాలు తొమ్మిదేళ్లది, పుట్టినప్పుడు అంత చిన్నగా ఉందని వాళ్ల నాన్న పెట్టిన పేరు, ఇంకా అంతే ఉంది, ముఖానికి కళ్లజోడే బరువన్నట్టు.

"నానమ్మా, గరిటె నాకొచ్చా?"

"నాకాక ఇస్తా. పొయ్యి దగ్గరికి రాకు."

"నేను నాకుతా అన్నా, నువ్వు కాదు."

"నీకే ఇస్తాలేవే. పెట్టెలు అయ్యాయా?"

"పంతొమ్మిది. నా బొమ్మలు పంతొమ్మిదోది. ఇది ఎప్పుడు తింటాం?"

"గట్టిపడ్డాక."

పిచ్చుక కళ్లజోడు పైకి తోసుకుని గడియారం వైపు చూసింది, వేళ్లు ముడిచి తెరిచింది. "గట్టిపడేసరికి మేం వెళ్లిపోతాం కదా."

ఆవిడ గిన్నెలోకే చూస్తూ తిప్పుతోంది.

"అమ్మకి చెప్పనా?"

"వద్దు."

"అమ్మకి తెలుసులే. ఇందాక వాసన రాగానే వేళ్లు లెక్కపెట్టింది. తరవాత టేపు ఎక్కడ పెట్టానే అని నన్ను తిట్టింది. టేపు తన చేతికే ఉంది గాజులాగా." అని, గరిటె సంగతి మర్చిపోయి వెళ్లిపోయింది.

తెలుసన్నమాట. చెవులు వేడెక్కాయి ఆవిడకు, డెబ్బై ఏళ్ల మనిషికి దొంగతనం బయటపడ్డ పిల్లలా. తెలిసీ ఇటు రావడం లేదు. కోప్పడుతుందా, జాలిపడుతుందా, జాలిపడితే ఎలా, కోప్పడితేనే నయం. అసలు నాలుగు గంటల్లో ఏం చేద్దామని. ఏదో చెప్పాలని ఉందా, ఏమీ లేదు, రెండు నెలల్లో చెప్పనిది ఇప్పుడేం చెబుతుంది. ఊరికే లెక్క. వెళ్లేవాళ్లందరూ ఒక లెక్క చెప్పి వెళ్తారు. రెండ్రోజుల్లో వస్తానే అంది తన తల్లి అప్పుడెప్పుడో, ఏడేళ్ల పిల్లని పిన్ని ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి, రెండు అంటే ఎన్నో చూపించడానికి వేళ్లు కూడా ఎత్తింది. పిల్ల రెండ్రోజులు అరుగు దిగలేదు. మూడో రోజు పిన్ని వచ్చి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయి చీపురు ఇచ్చింది. తరవాత పెద్దయ్యాక ఎవరో చెప్పారు, ఆమె ఇంకో పెళ్లి చేసుకుని పోయిందని, పిల్ల ఉందని అక్కడ చెప్పలేదని. వెళ్లేటప్పుడు పిల్ల ఆగమని అడగలేదు. అడిగి ఉంటే. ఏడేళ్ల పిల్లకి అడగొచ్చని కూడా తెలియలేదు, పెద్దవాళ్ల పనులు పెద్దవాళ్లవి అనుకుంది. కొడుకు గంటలో వచ్చేస్తామమ్మా అన్నాడు. అయిదు రోజుల జ్వరం, ఆరో రోజు అంబులెన్సు, ఒక్కరే ఎక్కాలన్నారు, కోడలు ఎక్కింది. వాడికి ఊపిరాడడం లేదు, అయినా మాస్కు పక్కకి జరిపి మరీ చెప్పాడు ఆ గంట లెక్క. ఆవిడ అలాగే నాయనా అంది. ఒక్క నిమిషం ఆగండి, నేనూ వస్తాను, వాడి పక్కన నన్ను కూడా కూర్చోనివ్వండి, ఏమైనా అనొచ్చు. అనలేదు. గ్యాసు కట్టేశానా అని లోపలికి వచ్చింది. కట్టేసే ఉంది. బయటికి వచ్చేసరికి వీధి ఖాళీ.

ఇన్నేళ్లలో తనకి చెప్పిన లెక్కల్లో తప్పనిది ఇదొక్కటే. నాలుగు గంటలు అంటే నాలుగు గంటలే. ఎన్నిసార్లు చేసినా, ఎండాకాలమైనా చలికాలమైనా, తలుపు తీసేసరికి గట్టిపడి ఉంటుంది. అందుకే కాబోలు.

గ్లప్ అని ఒక బుడగ లేచింది. అంచు దగ్గర ఒకటి, మధ్యలో ఒకటి, బురదలోంచి లేచినట్టు, గరిటె వెనక దారి మిగులుతోంది, గిన్నె అడుగు కనబడి మూసుకుంటోంది. చిక్కబడింది. ఎప్పుడు చిక్కబడిందో చూడలేదు, ఎప్పుడూ చూడలేదు, నీళ్లలా ఉన్నది ఉన్నట్టుండి ఇలా అయిపోతుంది, మధ్యలో ఏమీ లేనట్టు. ఒక్క నిమిషం ఉడకనిచ్చి, మంట ఆర్పి, చాక్లెట్ ముక్కలు, వెన్న వేసింది. అవి అంచులు కోల్పోయి, మెరుస్తూ, కరిగి, గోధుమరంగు నల్లబడింది. చల్లారిన బిస్కెట్ పెంకులోకి వంచింది, ఒక చుక్క గట్టు మీద పడింది. మీగడ కట్టకుండా పైన పల్చటి ప్లాస్టిక్ కాగితం ఆనించింది. రెండు చేతులతో పట్టుకుని, మోకాలితో ఫ్రిజ్ తలుపు తోసి, లోపల పెట్టింది. మూడూ ముప్ఫై అయిదు, ఆ గడియారంలోనే. తప్పో ఒప్పో.

ఇక చేతులకు పని లేదు. అది ఆలోచించుకోలేదు. గిన్నె కడిగింది, మళ్లీ కడిగింది. వీధిలో వ్యాను హారను, నాలుగు కాకుండానే. గుమ్మంలో కళ్లజోళ్లాయన గొంతు, పైకెత్తండి పైకెత్తండి, ఆ మూల తగులుతుంది, మంచం కాబోలు, పట్టే మనుషుల కేకలు. పిచ్చుక నా పెట్టె కింద పెట్టకండి అంటోంది ఎవరితోనో. ఆవిడ గట్టు మీది చుక్కని వేలితో తుడిచింది, గుడ్డతో తుడిచింది, తుడిచిన చోట మళ్లీ తుడిచింది. అడుగులు. ఇవి కోడలివే, ల్యాబు చెప్పులవి, మెత్తగా.

కోడలు ఫ్రిజ్ తలుపు తెరిచి చూసింది, మూసింది. జుట్టు నిండా అట్టల దుమ్ము, కళ్ల కింద నలుపు, చేతికి నిజంగానే టేపు చుట్ట ఉంది.

"ఎన్నింటికి పెట్టారు?"

"మూడూ ముప్ఫై అయిదు."

"అంటే ఏడూ ముప్ఫై అయిదు."

"ఆ."

"వ్యాను నాలుగింటికని సోమవారమే చెప్పాను మీకు."

"చెప్పావు."

"పొద్దున్నుంచి మూడుసార్లు బజారుకెళ్లారు. కోకోకి ఒకసారి, క్రీముకి ఒకసారి. మూడోసారి దేనికత్తయ్యా?"

"ఊరికే."

కోడలు గట్టుకు ఆనుకుంది. నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో, పెదవి లోపలికి పట్టుకుంది. "వెళ్లొద్దంటున్నారా నన్ను? నిజం చెప్పండి. రెండు నెలలుగా నేను అడుగుతూనే ఉన్నా, మీరు బాగానే ఉందమ్మా బాగానే ఉందమ్మా అంటూనే ఉన్నారు."

"వెళ్లొద్దని కాదు. నువ్వు వెళ్లాలి. ఆయన మంచివాడు, నేను చూశాగా. నాలుగు గంటలు ఆగమంటున్నా."

"ఆగితే ఏమవుతుంది?"

"గట్టిపడుతుంది."

"అది కాదు నేనడిగింది."

గుడ్డ ఎక్కడ పెట్టాలో తెలియక చేతుల్లోనే పట్టుకుని ఉంది ఆవిడ. తడి చీరలోకి ఇంకుతోంది. మాట గొంతుదాకా రావడం కొత్త కాదు, అక్కడి నుంచి ఎలా బయటికి తేవాలో తెలియదు, ఎప్పుడూ చెయ్యని పని, ఏ ఫారంలోనూ చదవలేదు. "నేను ఎవర్నీ ఎప్పుడూ ఆగమని అడగలేదమ్మాయ్. మా అమ్మనీ అడగలేదు. వాణ్ణీ అడగలేదు. అడిగితే ఆగుతారో లేదో నాకు ఇన్నేళ్లొచ్చినా తెలియలేదు. ఒక్కసారి అడిగి చూద్దామని."

"ఇది అడగడమా? పొయ్యి మీద పెట్టి?"

"నాకింతే వచ్చు."

కోడలు చేతి నుంచి టేపు తీసి గట్టు మీద పెట్టింది, బయటికి నడిచింది. గోడ అవతల గొంతులు. ఆవిడ ఒక్కో మాట పట్టుకుంది, గుడ్డని పిండుతూ.

"మీరు వ్యానుతో పాటు బయల్దేరండి. బాగా చీకటి పడకముందే చేరిపోతారు. మేం ఎనిమిదిన్నర బస్సుకొస్తాం."

"ఏమైంది, ఏమన్నా ప్రాబ్లమా?"

"ఏం లేదు. చాక్లెట్ పై గట్టిపడాలి."

ఇప్పుడు ఆయన ఏదో అంటాడు, అనాలి కూడా, ఎవరైనా అంటారు. "పదకొండున్నరకి దిగుతారైతే. స్టాండు దగ్గర ఉంటా." తరవాత వంటింటి వైపు కాస్త గొంతు పెంచి, "నాకూ ఒక ముక్క పంపండి అండీ. ఆరునెలల్నుంచి దాని గురించి వినడమే సరిపోయింది."

"పంపుతాను బాబూ" అంది ఆవిడ, గోడతో.

వ్యాను వెళ్లిపోయింది. మంచాలు పోయాయి, బీరువా పోయింది, అది ఉన్న చోట గోడ కొత్తగా, సున్నం వేసిన రోజు ఎలా ఉందో అలా ఉంది. నేల మీద ఒక దుప్పటి మిగిలింది, బస్సులో కప్పుకోవడానికని ఉంచుకున్నది. ఆవిడ వాళ్ల వెనకే గదిలోకి వచ్చి నిలబడింది. ఇప్పుడు నాలుగు గంటలు, కాదు మూడున్నర ఉన్నాయి, తను అడిగి తీసుకున్నవి, ఏం మాట్లాడాలి, ముందు ఏది, వాడి చిన్నప్పటివా, పిచ్చుకకి చలికాలంలో దగ్గు వస్తే ఏం చెయ్యాలోనా, అది తనకంటే కోడలికే ఎక్కువ తెలుసు. నోరు తెరిచేలోపు కోడలు దుప్పటి పరిచి, దాని మీద కూలబడి, పడుకుంది. పిచ్చుక కళ్లజోడు తీసి అమ్మ తల దగ్గర పెట్టి పక్కన ముడుచుకుంది.

"మూడు రాత్రుల్నుంచి నిద్ర లేదత్తయ్యా. కళ్లు మండిపోతున్నాయి. ఏడున్నరకి లేపండి, అలారం పెట్టడం లేదు. మీరు లేపుతారుగా."

లేపకపోతే. ఎనిమిదిన్నర బస్సు ఆఖరిది. వీళ్ల నిద్ర సంగతి తనకు తెలుసు, భూకంపం వచ్చినా కదలరు తల్లీకూతుళ్లు. కిటికీ తెర లాగి ఊరుకుంటే చాలు, తెల్లారిపోతుంది, అయ్యో నాకూ కన్ను అంటుకుందమ్మా అంటే ఎవరు కాదంటారు. కోడలికి ఇది తట్టి ఉండదా, టైములు అంటించే మనిషికి. తట్టే ఉంటుంది. తట్టే పడుకుంది.

"లేపుతాను" అంది.

అప్పటికే కోడలి ఊపిరి మారిపోయింది. పడమటి ఎండ ఖాళీ గదిలో అడ్డం లేకుండా వచ్చి ఇద్దరి ముఖాల మీదా పడుతోంది, ఆవిడ వెళ్లి తెర సగం లాగింది, వచ్చి గోడకు చేరగిలబడి నేల మీద కూర్చుంది, కాళ్లు చాపుకుని, ఇక్కణ్ణుంచి తలుపులోంచి వంటింటి గోడ కనబడుతుంది. పిచ్చుక నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. మాట్లాడేది ఏమీ లేదు, పోనీలే. లెక్క చూసుకోవాలి. బస్సు ఎనిమిదిన్నర. స్టాండుకు నడిస్తే ఇరవై నిమిషాలు, నిద్ర కళ్ల పిల్లతో ముప్ఫై. అంటే ఎనిమిదికి గుమ్మం దాటాలి. తిని తెమలడానికి పావుగంట, ఆయన ముక్క డబ్బాలో కదలకుండా సర్దడానికి అయిదు నిమిషాలు. దానికి ముందు క్రీము పైన వెయ్యాలి, గిలక్కొట్టుకోవడం తను వీళ్లు పడుకుని ఉండగానే చేసుకోవచ్చు. ముఖాలు కడుక్కోవాలి, ఈ దుమ్ము జుట్టు దువ్వుకోవాలి, అంత దూరం వెళ్లేవాళ్లు ఇలాగా వెళ్లేది, కొత్త ఊళ్లో దిగేటప్పుడు మనిషి నిద్రముఖంతో దిగకూడదు. వెనక్కి లెక్కపెట్టుకుంటూ వచ్చింది, ఒకసారి, సరిచూసుకోవడానికి ఇంకోసారి. ఏడున్నర అంటే హడావిడైపోతుంది. ఏడూ పదికే లేపాలి.